లాక్‌డౌన్ సడలింపులపై ప్రజాభిప్రాయం: ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు

2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో వలస కార్మికులు రోడ్డెక్కారు. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో భవనాలు కట్టడానికి వచ్చినవాళ్లు వాళ్లు. అప్పటికి అక్కడ సుమారు 2,400 మంది చిక్కుకుపోయి ఉన్నారు. జీతాలు ఇవ్వండి, మమ్మల్ని ఇంటికి పంపండి అని అడిగారు. అడ్డుకున్న పోలీసులతో గొడవ జరిగింది. పోలీసు వాహనం ఒకటి దెబ్బతింది.

అదే రోజు కేంద్ర హోంశాఖ, చిక్కుకుపోయిన కార్మికులు, విద్యార్థులు, యాత్రికులు సొంత రాష్ట్రాలకు వెళ్లవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మే 1న తెల్లవారకముందే లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు బయలుదేరింది. లాక్‌డౌన్ మొదలయ్యాక కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే.

కందిలో కూలీలు చెప్పింది ప్రయాణ ఆంక్షల మీద వాళ్ల అభిప్రాయం. కానీ దాన్ని ఎవరూ ప్రజాభిప్రాయంగా లెక్కపెట్టలేదు. శాంతిభద్రతల సమస్యగానే చూశారు. ఆ నెలల్లో సడలింపుల మీద ప్రజలు ఏమనుకుంటున్నారన్న చర్చ టీవీల్లో, వాట్సాప్‌లో, ముఖ్యమంత్రుల సమావేశాల్లో రోజూ నడిచింది. ఆ చర్చలోకి ఎవరి మాట చేరింది, ఎవరి మాట చేరలేదు, దాని ఫలితం ఏమైంది అన్నది ఈ వ్యాసం. ఉద్యమకారులకు, విద్యార్థులకు పనికొచ్చేలా తేదీలు, ఉత్తర్వులు, సర్వేలు ఒకచోట పెట్టే ప్రయత్నం చేశాను.

ముందుగా కొన్ని మాటలు

కర్ఫ్యూ, లాక్‌డౌన్ అన్న మాటలను మనం కలిపి వాడేశాం. 2020 మార్చి 22న జరిగింది ‘జనతా కర్ఫ్యూ’. అది ప్రధాని ఇచ్చిన పిలుపు. మార్చి 25 నుంచి అమలైన దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. రాష్ట్రాలు దానికి తోడు బ్రిటిష్ కాలపు 1897 అంటువ్యాధుల చట్టాన్ని వాడాయి. రోడ్డు మీద దొరికినవారిపై ఎక్కువగా పెట్టిన కేసులు విపత్తు చట్టం 51వ సెక్షన్, ఐపీసీ 188 కింద.

దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగే హక్కును రాజ్యాంగం 19(1)(డి) అధికరణం ఇస్తుంది. సాధారణ ప్రజల ప్రయోజనం కోసం దాని మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19(5) చెబుతుంది. కాబట్టి సడలింపుల చర్చ అంతా ‘సాధారణ ప్రజలు’ అంటే ఎవరు, ‘సహేతుకం’ అంటే ఎంత అన్న రెండు ప్రశ్నల దగ్గరికే వస్తుంది.

‘సామాజిక దూరం’ అనే మాట మీద కూడా అప్పుడే అభ్యంతరం వచ్చింది. ఊరికి, వాడకు మధ్య దూరాన్ని తరతరాలుగా మోసినవాళ్లకు ఆ మాట కొత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనే మాటకు మారింది. మన పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో మాత్రం పాత మాట చాలాకాలం కొనసాగింది.

అభిప్రాయం ఎలా సేకరించారు

తెలంగాణలో లాక్‌డౌన్‌ను కేంద్రం కంటే ఎక్కువ రోజులు పొడిగించారు. కేంద్రం మే 3 వరకు అంటే, ఏప్రిల్ 19న ముఖ్యమంత్రి కేసీఆర్ మే 7 వరకు అన్నారు. మే 5న దాన్ని మే 29 దాకా పెంచారు. ప్రజలు కూడా పొడిగింపునే కోరుతున్నారన్నది అప్పుడు వినిపించిన వాదనల్లో ఒకటి. ఛానెళ్ల పోల్స్, ఫోన్ సర్వేలు ఆ రోజుల్లో పొడిగింపు వాదనకు బలంగా నిలిచాయి.

ప్రభుత్వమే నేరుగా జనాన్ని అడిగిన సందర్భం ఢిల్లీది. మే 17 తర్వాత ఏం సడలించాలో చెప్పండని మే 12న ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ నగర ప్రజలను కోరారు. ఒక్క రోజులో 5 లక్షలకు పైగా సూచనలు వచ్చాయి. అందులో దాదాపు 4 లక్షల 76 వేలు వాట్సాప్ సందేశాలు. ఫోన్ కాల్స్ 39 వేలు. బడులు, కాలేజీలు ఇప్పుడే వద్దని, సినిమా హాళ్లు, ఈత కొలనులతో పాటు మంగలి షాపులు కూడా తెరవొద్దని ఎక్కువమంది కోరినట్టు ఆయన ప్రకటించారు.

ప్రభుత్వం ప్రజలను అడగడం మంచిదే. కానీ ఆ లెక్కను ఒకసారి చూడండి. ప్రతి 10 సూచనల్లో 9 వాట్సాప్ నుంచి వచ్చాయి. మంగలి షాపు తెరవొద్దు అన్నవాళ్లు ఎక్కువగా ఆ షాపుకు వెళ్లేవాళ్లే అయి ఉంటారు. రెండు నెలలుగా కత్తెర పట్టని మనిషికి ఆ రోజు రీచార్జ్ ఉందో లేదో ఎవరికి తెలుసు? జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం గ్రామాల్లో సుమారు 15 శాతం ఇళ్లలో, పట్టణాల్లో 42 శాతం ఇళ్లలో మాత్రమే ఇంటర్నెట్ సదుపాయం ఉంది. ఆ తర్వాతి రెండేళ్లలో ఫోన్లు పెరిగాయి, నిజమే. అయినా ఇంట్లో ఒక్క ఫోను ఉండటం వేరు, ప్రభుత్వానికి సూచన రాసే తీరిక, ధైర్యం, అలవాటు ఉండటం వేరు.

ఆన్‌లైన్ సర్వే ఫలితం అబద్ధమని నేను అనడం లేదు. జవాబు ఇచ్చినవాళ్ల వరకు అది నిజమే. దాన్ని ‘దేశం మనసులో మాట’ అని రాసినప్పుడే తప్పు మొదలవుతుంది.

అడగనివాళ్లు చెప్పింది

అదే నెలల్లో కొందరు నేరుగా కూలీలకు ఫోన్ చేసి అడిగారు. స్ట్రాండెడ్ వర్కర్స్ యాక్షన్ నెట్‌వర్క్ ఏప్రిల్ మధ్యలో ఇచ్చిన నివేదికలో 11,159 మంది కార్మికుల వివరాలు ఉన్నాయి. వాళ్లలో 96 శాతం మందికి ప్రభుత్వం నుంచి రేషన్ అందలేదు. 89 శాతం మందికి లాక్‌డౌన్ కాలానికి యజమానులు జీతం ఇవ్వలేదు.

అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఏప్రిల్, మే నెలల్లో 12 రాష్ట్రాల్లో సుమారు 5,000 మందితో ఫోన్ సర్వే చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. మూడింట రెండు వంతుల మంది, అంటే 67 శాతం, పని కోల్పోయారు. 77 శాతం ఇళ్లలో ముందుకంటే తక్కువ తింటున్నారు.

ఈ దెబ్బ అన్ని కులాల మీద ఒకేలా పడలేదు. ఆర్థికవేత్తలు అశ్విని దేశ్‌పాండే, రాజేశ్ రామచంద్రన్ జాతీయ స్థాయి ఉపాధి గణాంకాలను కులాలవారీగా విడదీసి చూశారు. 2020 ఏప్రిల్‌లో అగ్రకులాల ఉపాధి సుమారు 7 శాతం పాయింట్లు పడిపోతే, ఎస్సీల ఉపాధి సుమారు 20 శాతం పాయింట్లు పడిపోయింది. దాదాపు మూడు రెట్లు. రోజు కూలీ మీద బతికేవాళ్లు ఏ కులాల్లో ఎక్కువ ఉన్నారో తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు.

ఈ లెక్కలు పక్కన పెట్టుకుని, ఆ నెలల్లో రోడ్ల మీద జరిగిన వాటిని మళ్లీ చదవాలి. ఏప్రిల్ 10న సూరత్‌లో ఒడిశా కార్మికులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 14 ఉదయం ప్రధాని లాక్‌డౌన్‌ను మే 3 దాకా పొడిగించారు. అది అంబేద్కర్ జయంతి రోజు. అదే సాయంత్రం ముంబైలో బాంద్రా స్టేషన్ దగ్గర వందలమంది కూలీలు గుమిగూడారు. పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. తెలంగాణలోని ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు తోటివాళ్లతో కలిసి అడవి దారిన నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉండగా చనిపోయింది.

వీళ్లంతా లాక్‌డౌన్ వద్దన్నారా? రోగం లేదన్నారా? కాదు. కూలీ, తిండి ఇస్తే ఉంటాం, ఇవ్వలేకపోతే పోనివ్వండి అన్నారు. ఇది షరతుతో కూడిన అభిప్రాయం. టీవీ పోల్‌లో ‘ఎత్తేయాలి’, ‘ఉంచాలి’ అని రెండే గళ్లు ఉంటాయి. ఈ జవాబు రాయడానికి అందులో చోటు లేదు.

ఆ షరతును నెరవేర్చే ఉత్తర్వు ఒకటి కాగితం మీద ఉండేది. మార్చి 29న హోంశాఖ, లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా జీతాలు ఇవ్వాలని, కూలీల నుంచి ఒక నెల అద్దె అడగొద్దని ఆదేశించింది. మే 18న నాలుగో విడత లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఆ ఆదేశం రద్దయింది. లాక్‌డౌన్ మాత్రం మే 31 దాకా ఉంది. అంటే కదలొద్దన్న ఆంక్ష మిగిలే ఉంది, ఇంట్లో ఉన్నవారికి జీతం ఇవ్వాలన్న బాధ్యత ముందే సడలిపోయింది.

తెలంగాణ ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు ప్రకటించింది. వాళ్లు రాష్ట్ర అభివృద్ధిలో భాగస్వాములని ముఖ్యమంత్రి అన్నారు. ఆ మాట చాలా రాష్ట్రాల కంటే మెరుగైనదే. అయినా కందిలో కూలీలు నెల గడిచాక కూడా జీతం కోసమే రోడ్డెక్కారన్నది మరిచిపోకూడదు. బియ్యం ఇచ్చింది ప్రభుత్వం, జీతం ఇవ్వాల్సింది కాంట్రాక్టర్లు.

ఎవరి మాట వెంటనే వినిపించింది

కర్ణాటకలో మే మొదటి వారంలో జరిగింది చూస్తే విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. మే 5న ముఖ్యమంత్రి యడియూరప్ప బిల్డర్ల సంఘం ప్రతినిధులతో సమావేశమయ్యారు. ఆ వెంటనే కూలీల కోసం అడిగిన రైళ్లను రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసుకుంది. నిర్మాణ పనులు మొదలవుతున్నాయి కాబట్టి కూలీలు ఇక్కడే ఉండాలన్నది కారణం. దేశమంతటా విమర్శలు వచ్చాక రెండు రోజుల్లో నిర్ణయం మార్చుకుంది.

ఇక్కడ సడలింపు కోరినవాళ్లు బిల్డర్లు. ఆంక్ష ఉంచమన్నదీ వాళ్లే. పని మీద ఆంక్ష తీయమన్నారు, పనివాళ్ల ప్రయాణం మీద ఆంక్ష ఉంచమన్నారు. కూలీ కదలాలా వద్దా అన్నది కూలీని తప్ప అందరినీ అడిగి తేల్చుకున్నారు.

చివరకు నడిచిన శ్రామిక్ రైళ్లు 4,621. వాటిలో 63 లక్షల 19 వేల మంది ప్రయాణించారని రైల్వేశాఖ పార్లమెంటుకు చెప్పింది. ఆ రైళ్లలో సెప్టెంబర్ 9 వరకు 97 మంది చనిపోయారు. దారుల వెంట ఎందరు చనిపోయారని అడిగితే, ఆ వివరాలు తమ దగ్గర లేవని కార్మికశాఖ సెప్టెంబర్ 14న లోక్‌సభకు జవాబిచ్చింది. అభిప్రాయాన్నే కాదు, మరణాన్ని కూడా లెక్కపెట్టలేదు.

పాస్ ఉన్నా దాటలేని సరిహద్దు

ప్రయాణ ఆంక్షలు కులాన్ని, వర్గాన్ని బట్టి పనిచేసినంతగా రాష్ట్ర సరిహద్దులను బట్టి కూడా పనిచేశాయి. 2020 మార్చి 25న హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో వేలాదిమంది విద్యార్థులు, చిన్న ఉద్యోగులు పోలీస్ స్టేషన్ల ముందు వరుస కట్టారు. పోలీసులు పాసులు ఇచ్చారు. ఆ పాసులతో బయలుదేరినవాళ్లను కృష్ణా జిల్లా గరికపాడు, గుంటూరు జిల్లా పొందుగుల చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తామని ఆంధ్రప్రదేశ్ చెప్పింది. తెలంగాణ ఆ పాసులు చెల్లవంది. పిల్లలు రాత్రంతా రోడ్ల మీదే ఉన్నారు.

ఏడాది తర్వాత, 2021 మేలో, అదే సరిహద్దు దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు. హైదరాబాద్ ఆసుపత్రిలో బెడ్ ఖాయమైన కాగితం ఉంటేనే రానిస్తామన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ నిబంధన అమలును ఆపేసింది. పెద్ద ఆసుపత్రిలో తెలిసినవాళ్లు ఉన్నవాళ్లకు ఆ కాగితం ఫోన్లో వస్తుంది. లేనివాళ్లు చెక్‌పోస్టు దగ్గర నిలబడాలి.

ప్రభుత్వ సరిహద్దులతో పాటు ఊళ్లు వేసుకున్న సరిహద్దులూ ఉన్నాయి. 2020 మార్చి ఆఖరులో రెండు రాష్ట్రాల్లో చాలా ఊళ్లు పొలిమేరలో ముళ్లకంపలు, దుంగలు అడ్డం పెట్టి దారులు మూసేశాయి. మా ఊళ్లోనూ అదే జరిగింది. దాన్ని ‘గ్రామస్తుల నిర్ణయం’ అని పత్రికలు మెచ్చుకున్నాయి. కంప అడ్డం పెట్టాలని అనుకున్న చోట మా వాడ నుంచి ఎవరూ లేరు. నగరాల్లో పని పోయి తిరిగొచ్చింది మాత్రం ఎక్కువగా వాడ పిల్లలే. వాళ్లను కొన్నాళ్లు పొలాల దగ్గరే ఉంచారు. ఎవరికీ రోగం రాలేదు. కానీ ఎవరిని ఊరి బయట ఉంచాలో ఊరికి చెప్పనవసరం లేకుండానే తెలిసింది.

సడలింపుల వరుస

ఆంక్షలు ఎత్తేసిన తేదీలను వరుసగా రాసుకుంటే, ప్రభుత్వానికి ఎవరి ఇబ్బంది ముందు కనిపించిందో ఏ సర్వే అక్కర్లేకుండా తెలుస్తుంది. హైదరాబాద్ సంగతే చూద్దాం.

– 2020 మే 6: మద్యం దుకాణాలు తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 4నే తెరిచారు.
– మే 19: నగరంలో ఆటోలు, క్యాబులు, సెలూన్లకు అనుమతి. జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు మొదలు. నగరంలో సిటీ బస్సులకు అనుమతి లేదు.
– మే 25: దేశీయ విమానాలు మొదలు.
– జూన్ 8: మాల్స్, హోటళ్లు, గుళ్లు తెరిచారు.
– ఆగస్టు 1: దేశవ్యాప్తంగా రాత్రి కర్ఫ్యూ తీసేశారు.
– సెప్టెంబర్ 7: మెట్రో రైలు.
– సెప్టెంబర్ 25: సిటీ బస్సులు, అదీ నాలుగో వంతు మాత్రమే.
– నవంబర్ 2: రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులు.
– 2021 జూన్ 23: ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు.

మాల్ తెరిచిన రోజుకు, ఆ మాల్‌లో నేల తుడిచే మనిషి బస్సెక్కగలిగిన రోజుకు మధ్య మూడున్నర నెలలు ఉన్నాయి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు ఆ నెలల్లో షేర్ ఆటోలకు రెండింతలు పెట్టుకున్నారు, లేకపోతే నడిచారు. బస్సులో కిక్కిరిసి వెళ్తే వ్యాధి సోకుతుందన్నది కారణం. షేర్ ఆటోలో కిక్కిరిసి వెళ్లినా సోకుతుంది. తేడా ఏంటంటే, మొదటి దానికి ప్రభుత్వం జవాబుదారీ, రెండో దానికి ఎవరూ కాదు.

పారిశుద్ధ్య కార్మికులకు అయితే సడలింపు అన్న మాటే వర్తించలేదు, ఎందుకంటే వాళ్లకు లాక్‌డౌనే లేదు. మార్చి 25 ఉదయం కూడా వాళ్లు చీపురు పట్టుకుని రోడ్డు మీదే ఉన్నారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్ల కంటే ముందు మాస్కులు, గ్లౌజులు, పర్మినెంట్ ఉద్యోగం కావాలని వాళ్ల యూనియన్లు అడుగుతూ వచ్చాయి.

2021: నాలుగు గంటల సడలింపు

రెండో విడతలో ఆంక్షలు రాష్ట్రాల చేతికి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి కర్ఫ్యూ పెట్టి ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు వెసులుబాటు ఇచ్చారు. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్ పెట్టి ఉదయం 6 నుంచి 10 వరకే ఇచ్చారు. మే 31 నుంచి అది మధ్యాహ్నం 1 వరకు, జూన్ 10 నుంచి సాయంత్రం 5 వరకు పెరిగింది. జూన్ 20న పూర్తిగా ఎత్తేశారు.

ఉదయం 6 నుంచి 10 వరకు అన్నది సరుకులు కొనుక్కునేవాడి టైమ్‌టేబుల్. కూరగాయలు, పాలు తెచ్చుకుని ఇంటికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి నాలుగు గంటలు చాలు. లేబర్ అడ్డా మీద నిలబడే మనిషికి ఆ నాలుగు గంటల్లో మేస్త్రి దొరకాలి, పని చోటుకు చేరాలి, పని చేయాలి, పది లోపు ఇల్లు చేరాలి. అది అయ్యే పని కాదు. ‘కొంత సడలింపు ఇచ్చాం కదా’ అన్న మాట నిజమే, కానీ ఆ సడలింపు కొనేవాళ్ల కోసం ఇచ్చింది. పనిచేసి సంపాదించుకోవాల్సినవాళ్లకు అందులో ఏమీ లేదు.

బడులు: ఒక్కసారి అడిగితే ఏమన్నారు

దళిత, ఆదివాసీ కుటుంబాలను విడిగా పెట్టి సడలింపు మీద అభిప్రాయం అడిగిన సర్వే ఒకటి ఉంది. అది బడుల గురించి. ఆర్థికవేత్త జీన్ డ్రెజ్, ఆయన సహచరులు 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో బస్తీలు, పేద వాడల్లోని సుమారు 1,400 ఇళ్లకు వెళ్లి అడిగారు. సెప్టెంబర్‌లో నివేదిక వచ్చింది. గ్రామాల్లో 28 శాతం పిల్లలే క్రమంగా చదువుకుంటున్నారు. 37 శాతం అసలు చదవడం లేదు. గ్రామాల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నవాళ్లు 4 శాతమే. అక్కడి దళిత, ఆదివాసీ తల్లిదండ్రుల్లో 98 శాతం మంది బడులు వీలైనంత త్వరగా తెరవాలన్నారు.

ఏడాదిన్నరగా టీవీల్లో ‘తల్లిదండ్రులు బడులు వద్దంటున్నారు’ అని వింటూ వచ్చాం. ఇంట్లో వైఫై, పిల్లకో ఫోను ఉన్న తల్లిదండ్రులు ఆ మాట అని ఉండవచ్చు. వాళ్ల భయమూ నిజమైనదే. కానీ అడగాల్సిన గడప మార్చగానే జవాబు దాదాపు తలకిందులైంది.

తెలంగాణలో 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచారు. దానికి ఒక రోజు ముందు, ఆగస్టు 31న, గురుకులాలు, హాస్టళ్లు తెరవొద్దని హైకోర్టు ఆపింది. పిల్లలు ఒకేచోట పడుకుంటారు, తింటారు కాబట్టి ప్రమాదం ఎక్కువన్న ఆందోళన అర్థమయ్యేదే. అక్టోబర్ 20న అనుమతి వచ్చింది. ఆ గురుకులాల్లో చదివేది ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు. బడి అంటే వాళ్లకు చదువుతో పాటు మూడు పూటల తిండి, బాల్యవివాహం నుంచి, కూలి పని నుంచి కాపుదల కూడా. ప్రమాదాన్ని కొలిచినప్పుడు బడి తెరిస్తే ఏమవుతుందని లెక్కేశారు. తెరవకపోతే ఆ పిల్లలు ఎక్కడ ఉంటారన్నది ఆ లెక్కలోకి సరిగా రాలేదు.

మనలోనూ ఒకే మాట లేదు

ఇదంతా చదివి ‘దళితులు లాక్‌డౌన్ వ్యతిరేకులు’ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రోజు కూలీ చేసే అన్న త్వరగా ఎత్తేయాలన్నాడు. ఆసుపత్రిలో వార్డు శుభ్రం చేసే అక్క ఇంకొన్నాళ్లు ఉండాలంది, ఎందుకంటే జనం పెరిగితే ముందు సోకేది ఆమెకే. ఆశా కార్యకర్తల మాట ఇంకో తీరుగా ఉంది. గల్ఫ్‌లో చిక్కుకున్న కుటుంబాలు ఊళ్లో ఆంక్షల కంటే విమానాల కోసం ఎదురుచూశాయి. మే 7న వందే భారత్ విమానాలు మొదలైనా టికెట్ డబ్బు ప్రయాణికులే పెట్టుకోవాలి. పని పోయి, జీతం రాక, చేతిలో పైసా లేని మనిషికి విమానం ఉందన్న వార్త సగం సహాయమే.

వాడల్లో కూడా నగరం నుంచి వచ్చినవాళ్లను చూసి భయపడ్డవాళ్లు ఉన్నారు. దాన్ని దాచాల్సిన పని లేదు. పేదల అభిప్రాయం ఒకే ముద్దగా ఉండదు. అన్నిటిలో కనిపించే దారం మాత్రం ఒకటుంది: ఆంక్ష వల్ల వచ్చే నష్టం ఎవరు భరిస్తారో ముందు చెప్పండి, ఆ తర్వాత ఉంచాలా తీయాలా మాట్లాడదాం.

‘ప్రజలు అంటున్నారు’ అన్నప్పుడు అడగాల్సినవి

మరో మహమ్మారి కావచ్చు, వరద కావచ్చు, కర్ఫ్యూ కావచ్చు. ప్రజాభిప్రాయం పేరుతో ఒక లెక్క ముందుకు వచ్చినప్పుడు విద్యార్థులు, కార్యకర్తలు ఈ ప్రశ్నలు వేసుకోవచ్చు.

1. ఎక్కడ అడిగారు? ఫోన్లోనా, యాప్‌లోనా, గడప దగ్గరా?
2. ఎంతమందిని అన్నదాని కంటే ముందు, ఎవరిని? కులం, పని, ఆడ మగ వివరాలు సేకరించారా? సేకరిస్తే విడిగా ప్రకటించారా?
3. ఏ భాషలో, ఏ టైములో అడిగారు? కూలీ పనిలో ఉండే వేళ చేసిన ఫోన్ సర్వేలో కూలీ దొరకడు.
4. జవాబుకు ఎన్ని గళ్లు ఇచ్చారు? షరతు చెప్పే వీలుందా?
5. ఆంక్ష ఉంటే ఆ జవాబుదారుడు పోగొట్టుకునేది ఏంటి? జీతం ఆగని మనిషి, ఆగే మనిషి ఒకే ప్రశ్నకు జవాబిస్తే అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.
6. అదే వారంలో రోడ్ల మీద ఏం జరిగింది? ధర్నా, నడక, స్టేషన్ దగ్గర గుంపు కూడా అభిప్రాయాలే.

మన వైపు నుంచి చేయాల్సిన పని కూడా ఉంది. 2020 జూన్ 9న సుప్రీంకోర్టు, లాక్‌డౌన్ ఉల్లంఘన పేరుతో వలస కార్మికులపై పెట్టిన విపత్తు చట్టం కేసులను ఉపసంహరించే విషయం పరిశీలించాలని ప్రభుత్వాలకు చెప్పింది. మీ మండలంలో అలాంటి కేసులు ఎన్ని పెట్టారు, ఎన్ని తీసేశారు, ఎవరి మీద ఇంకా ఉన్నాయి అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. అప్పటి చలానాలు, పాసులు, బియ్యం చీటీలు, శ్రామిక్ రైలు టికెట్లు ఇంట్లో ఉంటే ఫోటో తీసి దాచండి. వాడలో పెద్దవాళ్ల దగ్గర, ఆ ఏడాది నడిచొచ్చినవాళ్ల దగ్గర కూర్చుని, తేదీతో సహా వాళ్లు చెప్పింది రాసుకోండి.

నగరాల్లో వాట్సాప్ సందేశాలు లక్షల్లో భద్రంగా ఉన్నాయి. కందిలో ఆ రోజు రోడ్డెక్కినవాళ్ల మాటలు పోలీసు కేసులో తప్ప ఇంకెక్కడ ఉన్నాయి? వాళ్లు ఏమన్నారో రాసిపెట్టకపోతే, రేపు ఎవరో ఒకరు ‘అప్పుడు ప్రజలంతా ఒప్పుకున్నారు’ అని రాస్తారు. కాదని చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి.